‘ఈరోజు ఎన్ని బాంబులు రెడ్డీ?’ అని రోజూ అడుగుతున్నారు

అనంతపురం నుంచి ఒక పాఠకుడు చాలా వివరంగా ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు. ఎవరైనా గుర్తుపట్టే సంగతులు తీసేసి మిగతాది క్లుప్తంగా చెబుతాను.

ఆయనకు 29 ఏళ్లు. బెంగళూరులోని ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీకి అనంతపురంలో ఇంటి నుంచే టెస్టింగ్ పని చేస్తున్నారు. టీములో తెలుగువాళ్లే ఎక్కువ. హైదరాబాద్, విజయవాడ, గుంటూరు వైపువాళ్లు, శ్రీకాకుళం అమ్మాయి ఒకరు. సీమ నుంచి ఈయనొక్కరే. పొద్దున పదిన్నరకు స్టాండప్, అంటే టీమంతా కాల్లో కలిసే రోజువారీ చిన్న మీటింగు. మేనేజర్ లైన్లోకి వచ్చేలోపు ఐదారు నిమిషాలు కబుర్లు నడుస్తాయి. చేరిన కొత్తలో ఒకరోజు, మైకు మ్యూట్‌లో ఉందనుకుని ఇంట్లోవాళ్లతో “వస్తాండాలేమ్మా, కాల్లో ఉండా” అన్నారట. అందరూ నవ్వారు. ఈయన కూడా నవ్వేసి, మాట కలుపుదామని “మాతో పెట్టుకోవద్దు బ్రో, సుమోలు లేస్తాయ్” అన్నారు.

అంతే, ఆ రోజు నుంచి టీములో ఈయన పేరు ‘రెడ్డి’. “మేం రెడ్లం కాదు, మాది ధర్మవరంలో మగ్గం నేసే ఇల్లు” అని ఒకసారి చెప్పి చూశారు. “సీమ అంటే రెడ్డే కదా మామా” అని కొట్టిపారేశారు. బగ్గు, అంటే సాఫ్ట్‌వేర్‌లో దొరికిన తప్పు, రాస్తే ‘బాంబు వేశాడు’. టికెట్ మూసేస్తే ‘లేపేశాడు’. సెలవు పెడితే ‘వాయిదా ఉందేమో’. ఈయన కూడా కొన్నాళ్లు గ్రూపులో వేటకొడవలి బొమ్మను డీపీగా పెట్టుకున్నారు. ఈ జోకుల్లో ముందుండేది టీమ్ లీడ్. ఈయన ‘అన్నా’ అని పిలిచే మనిషి. నాన్నకు గుండెనొప్పి వచ్చి ఆస్పత్రిలో ఉన్న రాత్రి, ఈయన చేయాల్సిన రిలీజ్ పనంతా తెల్లవారేదాకా తానే కూర్చుని చేసి, మేనేజర్ దాకా మాట పోకుండా కాపాడింది కూడా ఆయనే.

రెండు నెలల కిందట కాల్ స్పీకర్‌లో ఉంది. అమ్మ ఉగ్గాని ప్లేటు తెచ్చి ల్యాప్‌టాప్ పక్కన పెడుతోంది. “రెడ్డీ, ఈరోజు ఎన్ని బాంబులు? పొద్దున్నే ఎంతమందిని నరికినావ్?” అని లీడ్ గొంతు. అలవాటుగా ఈయన నవ్వారు. అమ్మ ఒక్క క్షణం నిలబడి, “దానికి నగుతావుండావా నాయనా?” అని వంటింట్లోకి పోయింది. ఆమె తమ్ముణ్ని 1994లో చంపారు. ఆయన నాయకుడేం కాదు, జీపు తోలేవాడు. వచ్చినవాళ్లు జీపులో ఉన్న మనిషి కోసం వచ్చారు. ఇద్దర్నీ వదల్లేదు. “మామను నేను ఫొటోలోనే చూసినా” అని రాశారు.

అప్పటి నుంచి కెమెరా ఆపేశారు. గ్రూపు మ్యూట్ చేశారు. మేనేజర్ వచ్చాకే కాల్లో చేరుతున్నారు. లీడ్ రాసిన ఫీడ్‌బ్యాక్‌లో ‘టీముతో కలవడం తగ్గింది’ అని ఒక వాక్యం వచ్చింది. వచ్చే నెల నుంచి వారానికి మూడు రోజులు బెంగళూరు ఆఫీసుకు రావాలని మెయిల్ కూడా వచ్చింది. ఆయన అడిగేది ఇది: నేనే మొదలుపెట్టిన జోకును ఏ ముఖం పెట్టుకుని ఆపమనాలి? చెబితే నాన్న విషయంలో చేసిన సాయాన్ని మరిచినవాణ్ని అవుతానా? లేక ఉద్యోగమే మారిపోనా?

*

తమ్ముడూ, మీరు మూడు ప్రశ్నలు అడిగారు గానీ, మిమ్మల్ని కదలనీయకుండా పట్టుకున్నది మొదటిదే. కొత్తగా చేరినచోట అందరూ మనల్ని చూసి నవ్వుతున్నప్పుడు, మనమూ ఒక మాట వేసి ఆ పూట గట్టెక్కుతాం. మీరు చేసింది అదే. ఆ పూటకు సరే అన్నారు తప్ప, ఏళ్ల తరబడి రోజూ పదిన్నరకు అదే వింటానని ఎవరికీ రాసివ్వలేదు. మొదలుపెట్టినవాడికి ఆపే హక్కు లేదని ఏ ఊళ్లోనూ లేదు. ఆ మాటకొస్తే ఆపడం మీకే తేలిక. వేరేవాళ్లు ఆపమంటే ‘వాడికి లేని బాధ నీకెందుకు’ అంటారు.

ఇక అవతలివాళ్ల సంగతి. 1999 నుంచి నాలుగైదేళ్లు సీమ పేరు మీద వరసబెట్టి సినిమాలు వచ్చాయి. మీ టీమువాళ్లు అప్పటికి బడి పిల్లలు. సీమంటే వాళ్లకు తెలిసింది అదే. వాళ్లు తిరుపతికి ఎన్నిసార్లు వచ్చి ఉంటారో, అది కూడా సీమేనని చాలామందికి తట్టదు. నేనుండే కర్నూలులో, కొండారెడ్డి బురుజు ముందు ఫొటో దిగడానికి వచ్చే బయటూరి కుర్రాళ్లు కొందరు ఇప్పటికీ తొడ కొట్టి మరీ దిగుతారు. వెనకాల కూరగాయల సంచులతో పోయేవాళ్లు ఆ ఫొటోల్లో పడుతుంటారు. ఇందులో మన పాపం లేదని కూడా అనను. ఆ సినిమాలకు ఈలలు వేసినవాళ్లలో మనూళ్లవాళ్లు తక్కువేం లేరు. ఇదంతా వాళ్లను వెనకేసుకురావడానికి చెప్పడం లేదు. జీపు తోలిన మనిషికి ఒక అక్క ఉందని, ఆ అక్క కొడుకు రోజూ తమతో స్టాండప్‌లో కూర్చుంటున్నాడని వాళ్లకు తెలియదు. తెలిసి అన్నవాడితో మాట్లాడే తీరు వేరు, తెలియక అన్నవాడితో మాట్లాడే తీరు వేరు. మీరు ఇప్పటిదాకా రెండో రకం మనుషుల మీద మొదటి రకం కోపం పెంచుకుంటున్నారు.

మీ ఉత్తరంలో మూడు వేర్వేరు బాధలు ఒక్కటిగా కలిసిపోయాయి. ఒకటి మీ యాసను అనుకరించడం. రెండోది మీది కాని కులం పేరుతో పిలవడం. మూడోది నరుకుళ్లు, బాంబులు. ఈ మూడింటినీ ఒకే మాటతో ఆపమంటే, రేపటి నుంచి మీ దగ్గర ఏం మాట్లాడాలన్నా వాళ్లకు నోరు పెగలదు. అందుకని ముందు మీరే తేల్చుకోండి, వీటిలో ఏది నిజంగా పోవాలి, ఏది ఉన్నా ఫర్వాలేదు?

యాస సంగతి మీరు ఒక్క వాక్యంలో దాటేశారు, ‘ఇప్పుడు కాల్లోనే కాదు, అమ్మతో కూడా టీవీ తెలుగు వస్తాంది’ అని. నాకు మాత్రం అది చిన్న విషయంలా అనిపించలేదు. ‘చేస్తాండా’ అంటే ఎవరో నవ్వారని మీరు మీ ఇంట్లోనే మాట మార్చుకున్నారు. నా ఉద్దేశంలో కాల్లోనూ మీ మాటే మాట్లాడండి. రెండు వారాలు నవ్వుతారు, తర్వాత చెవులకు అలవాటైపోతుంది. యాసను సరదాగా అనుకరిస్తే పట్టించుకోననుకుంటే, అది వదిలేయవచ్చు. అయితే మీ ఉత్తరంలోనే ఇంకో మాట ఉంది. శ్రీకాకుళం అమ్మాయి మాట్లాడగానే ఎవరో ఒకరు ఆమె మాటనే సాగదీసి తిప్పి అంటారని, ‘అందరం నవ్వుతాం’ అని రాశారు. ఆ ‘అందరం’లో మీరూ ఉన్నారు కదా. ఆమె కెమెరా ఆన్‌లో ఉంటోందా? ఈసారి గమనించండి.

‘రెడ్డి’ అనడం ఎప్పుడైనా, ఎవరికైనా, నవ్వుతూనే ఆపేయవచ్చు. “నా పేరు మర్చిపోయినారా ఏంది, పేరుతో పిలవండి” అంటే చాలు. కానీ ఒక చిక్కు ఉంది, మీకూ తెలిసే ఉంటుంది. ‘నేను రెడ్డిని కాను’ అన్న మరుక్షణం మన తెలుగువాళ్ల నోట రెండో ప్రశ్న వస్తుంది, ‘మరి మీరేంటి?’ అని. దానికి జవాబు చెప్పాల్సిన అవసరం మీకు లేదు. అందుకే కాను, కాదు అనకుండా, పేరు దగ్గరే మాట ఆపడం మంచిది. ఆఫీసులో ఒక మనిషిని కులం పేరుతో పిలవడం ఏ మేనేజరూ పైవాళ్ల ముందు సమర్థించుకోగలిగేది కాదు. మీ లీడ్‌కు ఆ సంగతి తడితే, ముందుగా మానేసేది అదే.

మిగిలింది నరుకుళ్ల జోకులు. దీనికి మీకున్న దారులు చూద్దాం.

ఇప్పుడు మీరు చేస్తున్నది ఒక దారే, మాట్లాడకుండా తప్పుకోవడం. పైకి చూస్తే గొడవ లేని దారి. కానీ దాని ఖరీదు మీరు అప్పుడే కట్టడం మొదలుపెట్టారు. సాఫ్ట్‌వేర్ టీముల్లో చాలా ఏళ్లు ఉన్నదాన్ని కాబట్టి చెబుతున్నాను, ఆ ఐదారు నిమిషాల కబుర్లు ఉత్త కబుర్లు కావు. ‘క్లయింట్ ఈమధ్య బిల్లింగ్ గురించి గొణుగుతున్నాడంట’, ‘ఫలానావాడు రాజీనామా పెట్టాడు, వాడి పని ఎవరికిస్తారో’, ‘వచ్చే క్వార్టర్లో మాన్యువల్ టెస్టింగ్ తగ్గించి ఆటోమేషన్‌కు పోతారంట’, ఇవన్నీ ట్రాఫిక్ గురించి, క్రికెట్ గురించి మాట్లాడుకుంటూ మధ్యలో దొర్లే మాటలే. మెయిల్ వచ్చేసరికి అవి పాత కబుర్లు. పైగా టెస్టర్ పని సగం సంబంధాల మీద నడుస్తుంది. డెవలపర్‌తో రోజూ నాలుగు మాటలు మాట్లాడేవాడు బగ్గు రాస్తే ‘చూస్తా బాస్’ అంటారు. మాటల్లేనివాడు అదే బగ్గు రాస్తే ‘నా మెషిన్లో బాగానే వస్తోంది’ అని వెనక్కి పంపుతారు. మీరు మానుకోవాల్సింది ఒక జోకును. దానికోసం మొత్తం కబుర్లనే వదిలేశారు. ఆ ఫీడ్‌బ్యాక్ వాక్యం అన్యాయంగా తోచి ఉంటుంది, కానీ లీడ్ వైపు నుంచి చూస్తే ఆయనకు కనబడిందే రాశాడు. రేపు ఆఫీసు మొదలయ్యాక ఇది ఇంకా కష్టం. కాల్లో అయితే మ్యూట్ ఉంది. క్యాంటీన్లో ఎదురుగా కూర్చుని తినే మనిషిని ఎలా మ్యూట్ చేస్తారు?

రెండో దారి, పాతలాగే నవ్వుతూ పోవడం. అమ్మ అడిగిన తర్వాత అది మీవల్ల కాదని మీ ఉత్తరమే చెబుతోంది, కాబట్టి దాని మీద మాటలు ఖర్చు పెట్టను.

మూడోది, లీడ్‌తో ఒక్కడితో మాట్లాడటం. నేను మీ స్థానంలో ఉంటే ముందు ఇదే చేస్తాను. నాన్న ఆస్పత్రిలో ఉన్నప్పుడు అడక్కుండానే నిలబడిన మనిషి ఈ మాట వినడని అనుకోవడానికి నాకు కారణం కనబడటం లేదు. ఆ సాయం బాకీగా మీ మనసులో ఉంటే, ఆయన ఇంట్లో ఏదైనా వచ్చినరోజు మీరు ఆయన రిలీజ్‌కు కూర్చుని తీర్చుకోండి. నవ్వి తీర్చే బాకీ కాదది.

ఎలా మాట్లాడాలి అంటే, చాట్‌లో రాయకండి. రాసిన మాటకు గొంతు ఉండదు. ‘జోకులు ఆపండి’ అన్న రెండు ముక్కలు ఆయన ఏ మూడ్‌లో చదివితే ఆ మూడ్‌లోనే అర్థమవుతాయి. గ్రూపు కాల్లో అందరి ముందు వద్దు, లీడ్‌కు చిన్నతనం అవుతుంది. రిలీజ్ ఉన్న వారంలో వద్దు. అప్రైజల్ మాటలు నడిచే రోజుల్లో అసలే వద్దు, ఫీడ్‌బ్యాక్ బాగోలేదని ఇప్పుడు తవ్వుతున్నాడు అనుకుంటాడు. ఆఫీసు మొదలుకాకముందే, ఒక సాయంత్రం ఫోన్ చేయండి. మీ మాటలోనే చెప్పండి: “అన్నా, ఒక మాట చెప్పల్ల. ఆ నరుకుడు, బాంబుల జోకులు నాకు ఇంక వద్దన్నా. మొదట్లో నేనే అన్నా, నిజమే. ఇప్పుడు వింటాంటే బాగుండ్లేదు.” ఇంతే. దీనికి ముందు ‘మీరేమీ అనుకోకపోతే’ అని పెద్ద పీఠిక వేయకండి. తర్వాత ‘అంటే మిగతావన్నీ ఓకే, మీరు మంచివారు’ అని వెనక్కి తగ్గకండి. చెప్పేసి, ఆఫీసుకు ఎప్పుడు వస్తున్నావనో, పీజీ ఎక్కడ చూశావనో ఆయన అడిగితే ఆ మాటల్లోకి వెళ్లిపోండి.

మామ సంగతి చెప్పాలా వద్దా? ఇక్కడ ఆగి ఆలోచించండి. చెబితే లీడ్ నోరు ఆరోజే మూతబడుతుంది, అది నిజం. కానీ ఒకసారి బయటపడిన మాటను వెనక్కి తీసుకోలేరు. ఆయన మంచి మనసుతోనే ఇంకొకరికి చెబుతాడు, ‘వాళ్లింట్లో ఇలా జరిగిందంట, జాగ్రత్తగా మాట్లాడండి’ అని. అప్పటిదాకా ‘బాంబుల రెడ్డి’ అయిన మనిషి, ఆ తర్వాత ‘వాళ్ల మామను చంపేశారంట’ అవుతాడు. మీరు రాగానే మాట ఆపేసే జాలి కూడా రోజూ భరించాలంటే బరువే. అదీగాక, ఆ కథ మీదెంతో మీ అమ్మదీ అంతే, ఇంకా చెప్పాలంటే ఆమెదే ఎక్కువ. చెప్పాలనిపిస్తే ముందు ఆమెను అడగండి. ‘మా ఇంట్లో ఇలాంటిది జరిగింది, వివరాలు అడగొద్దన్నా’ అనడం మధ్య దారి. చెప్పకపోయినా మీ మాటకు విలువేం తగ్గదు. నాకు బాగోలేదు అన్నదే చాలిన కారణం. చావు సర్టిఫికెట్ జతచేయాల్సిన పని లేదు.

ఆయన ఏమంటాడు? బహుశా “అయ్యో, ముందే చెప్పొచ్చు కదరా” అంటాడు. అలా అంటే తర్వాత ఒకట్రెండు వారాలు మీతో మరీ మర్యాదగా, ఇబ్బందిగా ఉంటాడు. అప్పుడు మీరే ముందుగా కాల్లోకి వచ్చి, కెమెరా పెట్టి, ఏదో ఒకటి మాట్లాడాలి. అలకతో ఉన్నారనుకోకుండా ఉండటానికి అది చాలా అవసరం. లేదా “నువ్వే కదా మొదలుపెట్టింది, జోకే కదా” అనవచ్చు. దానికి వాదన వద్దు. “అవునన్నా, నేనే మొదలుపెట్టినా. నేనే ఆపుతాండా” అనండి. మూడోది, ఆయన మనసు నొచ్చుకుని అది రేటింగ్‌లో కనబడటం. ఆయన గురించి మీరు రాసినదాన్ని బట్టి నేనది ఎక్కువగా ఊహించను గానీ, అస్సలు జరగదని చెప్పలేను. అందుకే ఈ నెల నుంచి మీరు చేసిన పని, పట్టుకున్న పెద్ద బగ్గులు తేదీలతో సహా రాసుకోండి. అది ఎలాగూ మంచి అలవాటే.

మేనేజర్ దగ్గరికో, హెచ్‌ఆర్ దగ్గరికో వెళ్లడం కూడా మీ హక్కే. అయితే ఆ దారి గురించి కొన్ని సంగతులు తెలుసుకుని అడుగు వేయండి. కంపెనీల్లో ఉండే అంతర్గత కమిటీ 2013 చట్టం ప్రకారం పని చోట ఆడవాళ్ల మీద లైంగిక వేధింపుల ఫిర్యాదుల కోసం పెట్టింది. మీ విషయం దాని కిందికి రాదు. మీది కంపెనీ ప్రవర్తనా నియమాల కిందికి, హెచ్‌ఆర్ ఫిర్యాదు కిందికి వస్తుంది. అక్కడ మొదటి ప్రశ్న ‘వద్దని వాళ్లకు చెప్పారా?’ అని. రెండోది ‘మీరు పెట్టిన డీపీ ఏంటి?’ అని. కాబట్టి అటు వెళ్లినా ముందు వద్దని చెప్పి ఉండటం మీకే బలం. చెప్పిన తర్వాతా కావాలని కొనసాగిస్తే, లేదా కులం మాట మళ్లీ మళ్లీ లాగితే, అప్పుడు తేదీలు, మాటలు రాసుకుని వెళ్లండి. ఈరోజే వెళ్తే న్యాయం దొరకవచ్చు, కానీ చెప్పే అవకాశం ఇవ్వకుండా పైకి పోయాడన్న పేరూ వస్తుంది. మీకు నిజంగా అన్నలా ఉన్న మనిషి దూరమవుతాడు. అది మీకు సమ్మతమైతే అదీ ఒక దారే. ఆ గ్రూపు కంపెనీ చాట్‌లో ఉందా, వాట్సాప్‌లో ఉందా అన్నది మీరు రాయలేదు. వాట్సాప్ గ్రూపు అయితే కంపెనీ ‘అది మా పరిధి కాదు’ అనే వీలుంది. స్టాండప్ కాల్లో అన్నవాటి విషయంలో మాత్రం అలా అనలేదు.

ఉద్యోగం మార్పు గురించి. జీతం కోసమో, మంచి పని కోసమో, అనంతపురంలో ఉండగలిగే అవకాశం కోసమో మారండి, తప్పులేదు. దీని కోసమే మారాలంటే నాకు మనసొప్పడం లేదు. చాలా కంపెనీల్లో నోటీసు పీరియడే మూడు నెలలు, ఆ మూడు నెలలూ ఇవే కాల్స్‌లో కూర్చోవాలి. వెళ్లినచోట వాళ్లూ అవే సినిమాలు చూసి ఉంటారు. అక్కడ మొదటి రోజే వేరేలా మొదలుపెట్టే వీలు ఉందన్నది మాత్రం ఒప్పుకుంటాను.

డీపీ సంగతి అడగకపోయినా చెబుతున్నాను, అది ఇంకా ఉంటే లీడ్‌కు ఫోన్ చేసేలోపే తీసేయండి.

అమ్మ అడిగినదానికి మీరింకా జవాబు చెప్పలేదని మీ ఉత్తరాన్ని బట్టి అర్థమైంది. ఆమె తిట్టలేదు, అడిగింది. లీడ్‌తో మాట్లాడకముందే ఆమెతో కూర్చోండి. ‘మొదట్లో కలిసిపోవాలని నవ్వినామ్మా, ఇప్పుడు వద్దని చెప్తాండా’ అంటే ఆమెకు అర్థమవుతుంది, తమ్ముణ్ని పోగొట్టుకుని ఇన్నేళ్లు ఊళ్లో నలుగురితో మెలిగిన మనిషి ఆమె. ఆరోజు ఏం జరిగిందో ఆమె చెప్పాలనుకుంటే వినండి, చెప్పకపోతే తవ్వకండి.

ఆఫీసు మొదలైన వారం ఒకటి గుర్తుంచుకోండి. అన్నీ బాగా జరిగి లీడ్ సరే అన్నా, ఏళ్ల అలవాటు కాబట్టి క్యాంటీన్లో నలుగురి మధ్య ఆయన నోరు జారుతుంది, లేదా ఈ ఫోన్ సంగతి తెలియని ఇంకెవరో పాత పాటే ఎత్తుకుంటారు. మొదటిసారికే మాట తప్పాడని కోపం తెచ్చుకోవద్దు. నవ్వకండి, అంతే. ఆయన వైపు చూసి “అన్నా” అనండి, ఆయనకు గుర్తొస్తుంది. మిగతావాళ్లను ఆపే పని ఆయనకే వదిలేయండి, మీకంటే ఆయన మాటకే ఆ టేబుల్ దగ్గర బరువెక్కువ. నాలుగోసారి, ఐదోసారి కూడా అదే జరిగితే అప్పుడు అది మరుపు కాదు, అప్పుడు పైన చెప్పిన హెచ్‌ఆర్ దారి గురించి ఆలోచించండి.